మొదటి పది అడుగులు

నాకు కోపం ఎక్కువ. మా క్లినిక్‌కి వచ్చేవాళ్ళందరికీ ఆ సంగతి తెలుసు, తెలిసీ వస్తారు. ఫిజియోథెరపీ చదువుకున్న మనిషి ఇలా అరుస్తుందేమిటని మొదట్లో బెదిరిపోయినవాళ్ళు కూడా ఇప్పుడు "ఫణిశ్రీ గారు తిట్టలేదంటే మన కేసు చెయ్యి దాటిపోయినట్టే" అని నవ్వుకుంటారట. నవ్వుకోనీండి. చెప్పిన వ్యాయామం చేస్తే నాకు చాలు.

చోడవరంలో నేను రోజూ చూసేవి ఎక్కువగా మడమలే. బడిలో రోజంతా నిలబడే టీచర్లు, బట్టల కొట్టులో అమ్మాయిలు, చెరుకు కాటా దగ్గర గుమస్తాలు, పొలం గట్ల మీద ఉత్తకాళ్ళతో తిరిగే ఆడవాళ్ళు. అందరిదీ ఒకటే కథ. పొద్దున్న మంచం దిగి కాలు కింద పెట్టగానే మడమలో మేకు దిగినట్టుంటుంది. గోడ పట్టుకుని మునివేళ్ళ మీద ఓ పది అడుగులు వేస్తే సర్దుకుంటుంది. సర్దుకుంది కదా అని సాయంత్రం దాకా తిరుగుతారు. మర్నాడు పొద్దున్న మళ్ళీ మేకు.

ఎముక పెరిగిందట అంటూ ఎక్స్‌రే పట్టుకొస్తారు. కాల్చిన ఇటుక మీద జిల్లేడాకు వేసి తొక్కి, మడమ బొబ్బలెక్కించుకుని వస్తారు. అరికాలి కింద మడమ నుంచి వేళ్ళ దాకా నవారులాంటి పట్టీ ఒకటి ఉంటుందని, రోజంతా బరువు మోసి అది మడమ దగ్గర పీచులేస్తుందని, రాత్రి పడుకున్నప్పుడు ముడుచుకుపోయి పొద్దున్నే ఒక్కసారిగా సాగదీస్తే లాగేస్తుందని ఓపిగ్గా చెబుతాను. నడిచాక నొప్పి తగ్గడమంటే జబ్బు తగ్గడం కాదు, ఆ పట్టీ కాస్త సాగిందని అర్థం. ఇంతా విని "అయితే ఇంకొంచెం ఎక్కువ నడవమంటారా అమ్మా?" అని అడుగుతారు. అప్పుడు తిడతాను.

ఇన్ని మడమలు చూసే నాకు మా పిన్ని మడమ కనపడలేదు. ఆ సంగతి చెప్పడానికి ఇప్పటికీ సిగ్గుగానే ఉంది.

మా పిన్ని పేరు కమలాంబ. అరవై ఒకటి నడుస్తోంది. మా వీధికి రెండు వీధుల అవతల ఉంటుంది. బాబాయి గోవాడ షుగర్ ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయ్యాడు, ఇప్పుడు పొద్దున్న ఆరున్నరకి లేచి పేపరు చదవడం ఆయన ఉద్యోగం. పిన్ని తద్దినాలకి మడివంట చేస్తుంది. పూర్వం ఎవరింటి తద్దినానికి ఆ ఇంటి కోడళ్ళే వండేవారు. ఇప్పుడు కోడళ్ళందరికీ ఉద్యోగాలే, నాతో కలిపి. తెల్లవారుజామున తలస్నానం చేసి, ముందురోజు ఎవరూ తాకకుండా ఆరేసిన బట్ట కట్టుకుని, ఎవరినీ ముట్టుకోకుండా, ఉల్లీ వెల్లుల్లీ లేకుండా పదిహేను రకాలు ఒంటిచేత్తో దింపాలి. నా వల్ల కాదు. చీడికాడ నుంచి వడ్డాది దాకా ఎనభై ఇళ్ళకి పైగా పిన్నినే పిలుస్తారు. ఏ ఇంటి తిథి ఎప్పుడో ఆవిడకి పంచాంగం అక్కర్లేదు, నోటికే వచ్చు.

పుష్యమాసంలో ఒకరోజు సన్యాసమ్మ క్లినిక్‌కి వచ్చింది. ఆవిడది గోవాడ పక్కన చిన్న ఊరు, ఎకరంన్నర చెరుకు ఉంది, నా దగ్గరకి మడమకే వస్తోంది. నేను తిడితే తిరిగి తిట్టే మనిషి ఆవిడొక్కతే, అందుకని నాకిష్టం. బల్ల మీద కూర్చుని కాలు చాపి, ఆ రోజు ఎందుకో నసిగింది.

"అమ్మా, ఓ మాట సెప్తాను, కోపం సెయ్యకు."

"ముందు చెప్పు. కోపం సంగతి తరవాత."

"మడి కట్టుకుని వంటలకెల్తాది, ఆ కమలాంబమ్మ, నీకు పిన్నమ్మే గదేటి? మొన్న పొద్దున్న చీడికాడ బస్సులో నా పక్కనే కూసుంది. దిగేక కదల్దేటి! స్తంబం అట్టుకుని అలాగే నిలబడిపోనాది. ఏటమ్మా అంటే, కుచ్చిళ్ళు సద్దుకుంటన్నానంది. కుచ్చిళ్ళు కాదమ్మా అది. కాసేపు కూసుని లేస్తే నా కాలెలాగుంటాదో నాకు తెల్దేటి?"

ఆవిడ పిక్క మీద నా చెయ్యి గట్టిగా పడినట్టుంది, "ఓలమ్మో" అని అరిచింది.

మర్నాడు నాలుగున్నరకే పిన్ని ఇంటికి వెళ్ళాను. పెరటి తలుపు తీసి ఉంది. లోపలి నుంచి టక్, టక్ అని చప్పుడు. ఏదో దంచుతోందనుకున్నాను. చూస్తే పిన్ని వంటింట్లో పావుకోళ్ళు వేసుకుని నడుస్తోంది. మా తాతగారివి, నల్లటి చెక్కవి, బొటనవేలికీ పక్కవేలికీ మధ్య గుండీ ఉన్నవి. ఎప్పటి నుంచో అటక మీద దుమ్ము కొట్టుకుపోయి ఉండేవవి. ఒక చేత్తో గోడ పట్టుకుంది. నన్ను చూసి చెయ్యి తీసేసింది.

"ఏటే ఇంత పొద్దున్నే వచ్చేవు? పిల్లలకి బాగానే ఉందా?"

"ఆ పావుకోళ్ళేమిటి?"

"ఊరికే వేసుకున్నాను."

"నీ మడమ ఎన్నాళ్ళ నుంచి నొప్పెడుతోంది?"

పిన్ని పాలగిన్నె మీద మూత సరిచేసింది. సరిగ్గానే ఉన్న మూతని సరిచేసింది. నేను వదల్లేదు. చివరికి తొమ్మిది నెలలైందని చెప్పింది. లేవగానే కాలు మోపలేకపోతోందట, నడిస్తే సర్దుకుంటోందట, అందుకని అరగంట ముందు లేచి, బాబాయి లేవకముందే పెరట్లో యాభై చుట్లు నడుస్తోందట. చుట్లు తిరిగి అరిగించుకున్న కాళ్ళతో ఆపైన ఏడు గంటలు పొయ్యి ముందు నిలబడుతోంది.

"నేను అదే పని చేస్తాను కదా పిన్నీ! ఊళ్ళో వాళ్ళందరూ నా దగ్గరకే వస్తారు కదా! నాకు చెప్పడానికేం?"

"పెరటిచెట్టు మందుకి పనికిరాదన్నారు కదే," అంది నవ్వుతూ. నేను నవ్వకపోయేసరికి ఆపింది. "చెప్తే నువ్వేటంటావో నాకు తెలుసు. మెత్తటి చెప్పులేసుకోమంటావు. వంటింట్లోనూ వేసుకోమంటావు. మడిలో చెప్పులెలా వేసుకుంటానే?"

"అందుకని పావుకోళ్ళా?"

"రబ్బరు పనికిరాదు, తోలు పనికిరాదు. చెక్క పనికిరాదని ఎక్కడా లేదు. పీఠాధిపతులు వేసుకోరూ?"

"పీఠాధిపతులు గారెలు వెయ్యరు పిన్నీ!"

పిన్ని తర్కంలో నాకు తప్పు కనపడలేదు, అదే నాకు మండింది. కాలి వేళ్ళతో గుండీని పట్టుకుని రోజంతా నడిస్తే పిక్కలు బిగుసుకుపోతాయి, గట్టి చెక్క మడమకి రాయితో సమానం. నొప్పి తగ్గుతుందని నెలరోజులుగా వేసుకుంటోంది, నొప్పి రెట్టింపయింది. ఆ మాట కూడా తనే ఒప్పుకుంది.

"మా అమ్మ ఇరవైమందికి వండేది," అంది మళ్ళీ. "ఆవిడకి ఏ మడమా నొప్పెట్టలేదు."

"అమ్మమ్మ కూర్చుని వండింది పిన్నీ. పొయ్యి నేలమీద ఉండేది, పేడతో అలికిన నేల, పీట మీద కూర్చునేది. నువ్వు గ్యాసు గట్టు ముందు గ్రానైటు మీద నిలబడతావు, ఉత్తకాళ్ళతో. మడి మారలేదు గాని వంటిల్లు మారిపోయింది."

పిన్నికి ఆ పీట గుర్తొచ్చిందేమో, తెలీదు. ఎనిమిదింటికి తనే కామేశం గారికి ఫోన్ చేసింది.

కామేశం గారంటే చెప్పాలి. చోడవరం చుట్టుపక్కల తద్దినాలకి మంత్రం ఆయనదే. డెబ్భైకి దగ్గర్లో ఉన్నాడు. నిలువెత్తు మనిషి, గొంతు వీధి చివరికి వినిపిస్తుంది. వంటకి ఎవరిని పిలవాలో కూడా జనం ఆయన్నే అడుగుతారు, ఆయన పదిహేనేళ్ళుగా పిన్ని పేరే చెబుతున్నాడు. ఆయన ఔనంటే ఔను, కాదంటే కాదు.

పిన్ని ఫోను స్పీకర్లో పెట్టింది, నేను వినాలని. కాలి నొప్పి గురించి చెప్పి, మడిలో మెత్తటి చెప్పుల్లాంటివి వేసుకోవచ్చునా అని అడిగింది. చాలా వినయంగా అడిగింది.

"మడిలో చెప్పులేవిటమ్మా కమలాంబా?" అన్నాడాయన. "పితృదేవతలొచ్చే చోట ప్లాస్టిక్కా? నొప్పులు అందరికీ ఉంటాయి. ఓర్చుకోగలిగితే ఓర్చుకో. లేదంటావా, గౌరవంగా మానెయ్యి. అనకాపల్లిలో ఎవరో మడివంట డబ్బాల్లో సర్ది పంపిస్తన్నారట, ఆళ్ళకి చెప్పుకుంటాను."

ఫోను పెట్టేశాక పిన్ని దాన్ని చేతిలోనే పట్టుకుని కూర్చుంది.

"మానెయ్యమంటన్నాడే," అంది. మళ్ళీ అదే మాట అంది.

"ఆయనెవరు చెప్పడానికి? పోనీ మానేస్తే ఏమైంది? నీకు డబ్బులవసరమా, ఏమన్నానా?"

అనకూడని మాట అది. పిన్ని నా వైపు తిరిగింది. ఆవిడ కళ్ళల్లో నీళ్ళు చూడటం నాకదే మొదటిసారి.

"నలభై అయిదేళ్ళు వచ్చేదాకా నన్ను ఫలానా వారి భార్యనన్నారు, ఫలానా వాళ్ళ అమ్మనన్నారు. నా పేరేటో ఊళ్ళో ఎవరికీ తెలీదు. ఇప్పుడు కమలాంబ గారు వస్తేనే మా అమ్మ తద్దినం అంటన్నారు. కమలాంబ గారి గారెలు అంటన్నారు. ఆ పొయ్యి దగ్గర్నించి దిగిపోతే నేనెవర్నే?"

నేను తువ్వాలు తెచ్చాను. ఇంకేం చెయ్యాలో తోచలేదు, నాకొచ్చిన పని అదే. మంచం మీద కాళ్ళు చాపుకుని కూర్చోమన్నాను. తువ్వాలు అరికాలికి వేసి రెండు కొసలూ తనవైపు లాక్కోమన్నాను, మోకాలు వంచకుండా, పది అంకెలు లెక్కపెట్టేదాకా. అలా పదిసార్లు. అది అయ్యేదాకా కాలు నేలకి తగలకూడదు. తరవాత గోడకి చేతులు ఆన్చి, ఒక కాలు వెనక్కి పెట్టి పిక్క సాగదియ్యాలి. సాయంత్రం ఫ్రిజ్‌లో గడ్డకట్టించిన నీళ్ళ సీసాని అరికాలి కింద దొర్లించాలి. పెరట్లో యాభై చుట్లు బందు. పావుకోళ్ళు నేనే సంచిలో వేసుకుని ఇంటికి పట్టుకుపోయాను.

మడి పాటించినంత నిష్ఠగా చేసింది ఆవిడ. నా పేషెంట్లలో సగంమంది అలా చేస్తే నాకు గొంతు నొప్పి ఉండేది కాదు. రెండు వారాలకి పొద్దుటి నొప్పి కొంత తగ్గింది. కానీ వంటకి వెళ్ళిన రోజు ఆరేడు గంటలు గ్రానైటు మీద నిలబడి వచ్చేసరికి మళ్ళీ మొదటికి. ఈలోగా ఇంకోటి జరిగింది. చీడికాడలో ఒక ఇంటి తిథి మాఘ బహుళ నవమి. పదకొండేళ్ళుగా పిన్నే వెళ్తోంది, ప్రతి ఏడూ నెల ముందే ఫోను వస్తుంది. ఈసారి రాలేదు. పిన్ని ఆ సంగతి నాకు చెప్పి, ఏమీ అననట్టే వేరే మాటలోకి వెళ్ళిపోయింది.

ఆ వారం సన్యాసమ్మ వస్తే ఆవిడ చెప్పులు చూశాను. హవాయి చెప్పుల్లో మడమ కింద ఏదో మడతపెట్టి కుట్టుకుంది.

"గోనె ముక్కా ఏమిటి?"

"ముందు గోనే ఎట్టేనమ్మా. తడిస్తే బరువెక్కిపోతంది. ఇది మా మావ గొంగళి ముక్క. పాతదే. మెత్తగుంటాది, తడిసినా పాడవదు."

నేను వెంటనే పిన్నికి ఫోన్ చేశాను. సన్యాసమ్మ కాలు బల్ల మీదే ఉంది.

"పిన్నీ, ఉన్నికి మైల ఉందా?"

"ఏటే ఈ ప్రశ్న?"

"ఉందా, లేదా?"

"లేదు. పట్టుకీ ఉన్నికీ లేదు. జపానికి కంబళి వేసుకునే కూర్చుంటారు కదా."

"కూర్చోవచ్చు. మరి నిలబడకూడదా?"

ఫోన్లో గరిటె పక్కన పెట్టిన చప్పుడు వినపడింది.

"నిలబడకూడదని ఎవరూ అన్లేదు," అంది పిన్ని.

సన్యాసమ్మ వడ్డాది సంతలో కొత్త గొంగళి తెచ్చిపెట్టింది. పిన్ని దాన్ని తనే నీళ్ళలో జాడించి, డాబా మీద ఎవరూ ముట్టుకోకుండా ఆరేసింది. పాదం కొలతకి ముక్కలు కత్తిరించి, ఎనిమిది పొరలు, మడమ దగ్గర ఇంకో నాలుగు, దబ్బనంతో, నూలుదారంతో మూడురోజులు కూర్చుని కుట్టింది. పాదం జారకుండా పైన ఒక ఉన్ని పట్టీ. నేను దూరంగా నిలబడి ఇక్కడ ఎత్తు పెంచు, అక్కడ తగ్గించు అని చెప్పడం వరకే. ముట్టుకోనిస్తే కదా! జిగురు లేదు, రబ్బరు లేదు, తోలు లేదు. చూడ్డానికి మాత్రం అచ్చం చెప్పులే.

"కామేశం గార్ని అడుగుదామా?" అన్నాను.

"అడిగితే కాదంటాడు. ఫోన్లో అడిగితే ఇంకా తొందరగా కాదంటాడు." పిన్ని దారం కొరికి తెంపింది. "మాఘ బహుళ తదియ మీ అత్తగారి ఆబ్దికం. మీ ఇంట్లో వేసుకుంటాను. ఆయన కళ్ళతో చూస్తాడు. కాదన్నాడా, అక్కడికక్కడే విప్పేసి వంట పూర్తి చేస్తాను. ఆ తరవాత ఇంక ఏ ఇంటికీ వెళ్ళను. అనకాపల్లి డబ్బాలే తెచ్చుకోమను."

"అలా మొండికేస్తే ఎలా పిన్నీ?"

"మొండి కాదే. కుంటుకుంటూ, దాచుకుంటూ చెయ్యలేను. తొమ్మిది నెల్లు దాచేను, చాలు."

మా ఆయన సాయిదత్త మండలాఫీసులో పనిచేస్తాడు. గొడవ అనే మాటకి అరమైలు దూరంలో ఉండే మనిషి. ఈ సంగతి ముందే చెబితే రాత్రి నిద్రపోడని నేను చెప్పలేదు.

తదియ నాడు పిన్ని ఐదింటికే వచ్చి పొయ్యి వెలిగించింది. నేను వంటింటి గడప ఇవతలే. నాకు మడి లేదు. ఉన్ని జోళ్ళతో గట్టు ముందు నిలబడి కంద చెక్కింది, అరటికాయ తరిగింది, పప్పు రుబ్బింది. నేను వృత్తిరీత్యా కాళ్ళే చూస్తూ కూర్చున్నాను. మామూలుగా ఎనిమిదయ్యేసరికి ఆవిడ బరువు ఒక కాలి మీది నుంచి ఇంకో కాలి మీదికి మార్చుకుంటూ ఉంటుంది. ఆ రోజు పది దాటినా రెండు కాళ్ళ మీదా సమంగా నిలబడే ఉంది.

పదిన్నరకి కామేశం గారొచ్చాడు. గేటు దగ్గర చెప్పులు వదిలి, కాళ్ళు కడుక్కుని, తడిపంచె కట్టిన మా ఆయన్ని పలకరించి, అలవాటు ప్రకారం వంటింటి గడప దాకా వచ్చి "పాకం అయిందా కమలాంబా?" అన్నాడు. అని, కిందికి చూశాడు.

"ఏవిటవి?"

"ఉన్ని," అంది పిన్ని. గారె నూనెలో తిప్పుతూనే ఉంది.

"చెప్పుల్లా ఉన్నాయే!"

"ఉన్నికి మైల లేదు కదండీ. కుట్టింది నేనే, తడిపింది నేనే, ఆరేసింది నేనే."

కామేశం గారి ముఖం గట్టిపడింది. ఆయన అరుస్తాడనుకున్నాను, అరిస్తే నేనూ అరుద్దామని సిద్ధంగా ఉన్నాను. ఆయన అరవలేదు. "కార్యం కానీ. అయ్యేక చెప్తాను," అని వెనక్కి తిరిగి వెళ్ళి పీట మీద కూర్చున్నాడు.

మా ఆయన నా దగ్గరకొచ్చి, ముట్టుకోకుండా రెండడుగుల దూరం నుంచి, "ఇది నీ పనే కదూ?" అన్నాడు గుసగుసగా. ఔనన్నాను. పాపం, వాళ్ళమ్మ ఆబ్దికం రోజున ఆ ముఖం చూస్తే జాలేసింది.

మూడు గంటలు జరిగింది కార్యం. కామేశం గారు పీట దిగకుండా మంత్రం చెప్పాడు. భోక్తలిద్దరూ గారెలు మళ్ళీ మళ్ళీ అడిగి వేయించుకుని తిని, తాంబూలం పుచ్చుకుని వెళ్ళిపోయారు. వడ్డన అయిపోయాక పిన్ని వంటింట్లో గోడకానుకుని పీట మీద కూర్చుంది. కార్యం అయ్యాక చెప్తానన్నాడు కాబట్టి ఆవిడ ఆ మాట కోసమే చూస్తోంది. చేతులు ఒళ్ళో పెట్టుకుని, గడప వైపే చూస్తూ. పాతికేళ్ళ క్రితం నా పదో తరగతి రిజల్టు రోజున నేనలా కూర్చున్నాను.

ఆశీర్వచనం అయింది. కామేశం గారు లేచాడు.

లేచి, ఎడమకాలు ముందుకి వేశాడు. మడమ కిందికి దిగలేదు. మునివేళ్ళు మాత్రం నేలకి తగిలాయి, ముఖం ఒక్క క్షణం పక్కకి తిరిగింది, చెయ్యి గాల్లో వెతుక్కుని ద్వారబంధాన్ని పట్టుకుంది. ఇంకో అడుగూ అంతే. మూడోదీ అంతే. ఆ నడక నేను ఎన్నివందలసార్లు చూసి ఉంటానో లెక్కలేదు. పట్టుకుందామని ముందుకి వెళ్ళబోయి ఆగిపోయాను. ఆయన మడిలో ఉన్నాడు.

పిన్ని అప్పటికే లేచింది. అంతసేపు కూర్చుని లేచిన మనిషి, గోడ పట్టుకోకుండా, నిండుగా మడమ ఆన్చి, గబగబా నాలుగు అడుగుల్లో వచ్చేసింది. పీట జరిపి ఆయన వెనక పెట్టింది.

"కూర్చోండి."

"తిమ్మిరెక్కింది," అన్నాడు కామేశం గారు.

"తిమ్మిరైతే మడమ ఎత్తి నడవక్కర్లేదు. ఎన్నాళ్ళయింది?"

ఆయన మా ఆయన వైపు చూశాడు, నా వైపు చూశాడు. కూర్చున్నాడు. "రెండేళ్ళు."

నేను నోరు తెరిచాను. రెండేళ్ళు! పిన్ని నా వైపు చూడకుండానే వేలు చూపించింది, నోరు మూసుకోమని.

"ఎవరికైనా చూపించేరా?"

"ఎవరికి చూపించమంటావు? మంత్రం చెప్పే బ్రాహ్మడు కుంటుతన్నాడంటే వచ్చే ఏడు ఇంకోణ్ణి పిలుస్తారు. కుర్రాళ్ళు కార్లేసుకొస్తన్నారు. మా ఇంట్లో కూడా తెలీదు."

వీధిలో చెరుకు ట్రాక్టరేదో వెళ్తోంది. పిన్ని ఆయన ఎదురుగా వచ్చి నిలబడింది.

"నన్ను మానెయ్యమన్నారు మీరు," అంది. గొంతు పెంచలేదు. "ఆ రోజు నేనన్నం తిన్లేదు. మీకు నొప్పెడతన్నా మీరు మానలేదు. నన్ను మాత్రం గౌరవంగా మానెయ్యమన్నారు."

వీధి చివరికి వినిపించే గొంతు ఆయనది. ఆ మధ్యాహ్నం ఎదురుగా ఉన్న నాకే సరిగ్గా వినపడలేదు.

"అన్నాను. తప్పే అన్నాను."

మా ఆయన ఆఫీసు మనిషి. పెండింగు కాగితం ఏదైనా ఉంటే తేలేదాకా ఊపిరాడదు. "మరి... కార్యం అయ్యేక చెప్తానన్నారు కదండీ. ఆ ఉన్ని సంగతి?" అన్నాడు.

"చెప్పడానికేవుంది? ఉన్నికి మైల లేదు. దాని మీద నిలబడకూడదని నేనెక్కడా చదవలేదు."

పిన్ని లోపలికి వెళ్ళి మిగిలిన గొంగళి ముక్క మడిచి తెచ్చింది, ఆయన ముందు పరిచింది. కాళ్ళు దాని మీద చాపమంది. ఆయన భుజం మీది ఉత్తరీయమే అరికాలికి వేసి, రెండు కొసలూ పట్టుకోమంది. "మీ వైపు లాక్కోండి. మోకాలు వంచకూడదు. పది లెక్కపెట్టండి."

"ఏకం ద్వే త్రీణి చత్వారి..."

"మంత్రంలా పరిగెత్తకండి. నెమ్మదిగా."

ఆయన నెమ్మదిగా లెక్కపెట్టాడు. పొద్దుట్నించీ మా ఆయన్ని కూర్చో, లే, నీళ్ళు వదులు, ఇటు తిరుగు అని ఆడించిన మనిషి, పిన్ని చెప్పినట్టల్లా పదిసార్లూ చేశాడు. అప్పుడు నాకు మాట్లాడ్డానికి అనుమతి దొరికింది. ఇది ఒక్కపూటలో పోయేది కాదని, ఆర్నెల్లు పడుతుందని, రోజూ మంచం దిగకముందే చెయ్యాలని, సోమవారం క్లినిక్‌కి రాకపోతే నేనే ఇంటికొచ్చి అరుస్తానని చెప్పాను. వస్తానన్నాడు, వెనక గుమ్మం ఉంటే అటు నుంచి వస్తానన్నాడు. వెనక గుమ్మం లేదన్నాను.

లేచి నిలబడ్డాడు. మడమ జాగ్రత్తగా ఆన్చాడు. గుమ్మం దాకా నడిచాడు. పిన్ని వంటింటి గడప దగ్గరే నిలబడిపోయింది. అడగాలనుకున్నది అడగడానికి ఆవిడకి అంతసేపు పట్టింది.

"చీడికాడ వాళ్ళ తిథి నవమి నాడు. వాళ్ళకి ఎవర్ని చెప్పేరు?"

కామేశం గారు వీధి అరుగు మీద కూర్చుని, బొడ్లోంచి ఫోను తీసి, కళ్ళకి దూరంగా పట్టుకుని నెంబరు వెతికి నొక్కాడు. గొంతు మళ్ళీ మామూలుగా వచ్చేసింది, వీధి వీధంతా వినపడేలా.

"ఆఁ, నేనే నాయనా. నవమికి ఆ డబ్బాలు వద్దని చెప్పెయ్యి. కమలాంబ వస్తంది... ఏటీ?... నిలబడగలదా అంటావా?"

ఆయన వెనక్కి తిరిగి పిన్ని కాళ్ళవైపు చూశాడు.

"నాకంటే బాగా నిలబడతంది," అన్నాడు.